పాజిటివ్ అంటే బతికున్నట్టేనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. "నీ వృత్తిలోంచి, అందరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. నేను మెకానికల్ ఇంజనీరును. మందుల కంపెనీలకూ, పరిశోధనశాలలకూ గాలి, ఆవిరి ఏర్పాట్లు చేయడం నా పని. ప్రమాదకరమైన క్రిములున్న గదిలో గాలి ఎటు నుంచి ఎటు పోవాలి, ఆ గదిలోంచి వచ్చే చెత్త ఎంత వేడిలో ఎంతసేపు ఉడకాలి, ముప్ఫై ఏళ్లుగా ఇవే లెక్కలు. వైరస్ గురించి చదువుకున్నవాళ్లు వేరే ఉన్నారు. నేను దాన్ని ఉడకబెట్టే పాత్రలు బిగించేవాణ్ని. కాబట్టి ఈరోజు వైరస్ చావు గురించి మాట్లాడతాను.

చావు అనే మాట కూడా వాడకూడదని సైన్సు మాస్టార్లు అంటారు. వైరస్ తినదు, ఊపిరి పీల్చదు. కణం బయట ఉన్నప్పుడు అది ఒక పొట్లం మాత్రమే. అందుకే శాస్త్రవేత్తలు "చంపడం" అనకుండా "నిర్వీర్యం చేయడం" అంటారు. ఆ పొట్లం మళ్లీ ఏ కణంలోకీ దూరి పిల్లలు పెట్టలేకపోతే నిర్వీర్యమైనట్టు. నేను మాత్రం సౌకర్యం కోసం చావు అనే అంటాను, మాస్టారు క్షమించాలి.

ఇప్పుడు మనం కూర్చున్న ఈ క్యాంపస్ హాలు నుంచి బయటికొచ్చి తార్నాక చౌరస్తా వైపు నడిస్తే ఎన్‌ఐఎన్ వస్తుంది. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన సంస్థ. ఇంకాస్త ముందుకెళితే మనం ఆర్‌ఆర్‌ఎల్ అని పిలిచిన ఐఐసీటీ. దాని పక్కనే, హబ్సిగూడకు పోయే దారిలో సీసీఎంబీ. ఆ సీసీఎంబీ 1977లో ఆర్‌ఆర్‌ఎల్ ప్రాంగణంలోనే మొదలైంది. పుష్పా భార్గవ గారు పట్టుబట్టి నిలబెట్టిన సంస్థ. 1987 నవంబరులో అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు. మా చిన్నప్పుడు ఇవి మాకు బస్‌స్టాపుల పేర్లు మాత్రమే. లోపల ఏం జరుగుతుందో అడిగిన పాపాన పోలేదు. 2020లో దేశమంతా ఆ గేట్ల లోపలికి తొంగిచూసింది.

ఆ ఏడాది సీసీఎంబీలో జరిగిన పనుల్లో నాకు బాగా నచ్చినదాన్నే మీకు చెబుతాను. కరోనా పరీక్షకు ముక్కులో తిప్పిన పుల్లను మొదట్లో వీటీఎం అనే ద్రవం ఉన్న ట్యూబులో ముంచి, ఐస్ పెట్టెలో పెట్టి పంపేవారు. ట్యూబు కారితే తెరిచే టెక్నీషియన్‌కు ప్రమాదం. ల్యాబుకు చేరాక ఆ ద్రవంలోంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏని విడదీయాలి. దానికి కిట్లు కావాలి, గంటలు కావాలి. కిట్లు దొరకని రోజులవి. అప్పటి డైరెక్టర్ రాకేశ్ మిశ్రా గారి ఆధ్వర్యంలో అక్కడివాళ్లు ఏం చేశారంటే, ద్రవమే వద్దన్నారు. పుల్లను పొడిగానే ట్యూబులో వేసి పంపండి అన్నారు. ల్యాబులో దాన్ని టీఈ బఫర్ అనే చౌకైన ద్రావణంలో నానబెట్టి, 98 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు వేడి చేసి, నేరుగా ఆర్‌టీ-పీసీఆర్ మిషన్‌లో పెట్టేశారు. విడదీసే దశే లేదు. ఐసీఎంఆర్ దాన్ని వేరేగా పరీక్షించి చూస్తే పాత పద్ధతితో 96.9 శాతం ఫలితాలు కలిశాయి. 2020 నవంబరులో అనుమతి వచ్చింది. ఖర్చూ సమయమూ దాదాపు సగానికి తగ్గాయి.

ఇంజనీరుగా నాకు అది ఎందుకు నచ్చిందంటే, ఆ 6 నిమిషాల వేడి ఒకేసారి రెండు పనులు చేస్తుంది. కరోనా వైరస్ మిల్లీమీటరులో పది వేలవ వంతు ఉండే ఉండ. పైన కొవ్వు పొర, దానికి గుచ్చుకున్న ప్రొటీన్ కొమ్ములు, లోపల ఆర్‌ఎన్‌ఏ దారం. 98 డిగ్రీల్లో కొమ్ములు ఉడికిన గుడ్డులా గట్టిపడి పనికిరాకుండా పోతాయి, పొర చితికిపోతుంది. వైరస్ చచ్చింది కాబట్టి టెక్నీషియన్ క్షేమం. పొర చితికింది కాబట్టి దారం బయటపడింది, ఇక మిషన్ చదువుకోవచ్చు. ఆ వేడిలో దారం కూడా ముక్కలైపోవాలి కదా అని మీరు అడగాలి. అలా కాకుండా చూసేది టీఈ బఫర్. ఆర్‌ఎన్‌ఏ తెగిపోవడానికి మెగ్నీషియం లాంటి లోహపు అయాన్లు సాయం చేస్తాయి. బఫర్‌లో ఉన్న ఈడీటీఏ వాటిని పట్టి బంధిస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ పద్ధతిలో పాజిటివ్ వచ్చిన ప్రతి రిపోర్టూ చచ్చిన వైరస్ ఇచ్చిన రిపోర్టే. దాన్ని మనమే ఉడకబెట్టి చంపి, ఆ తర్వాత మిషన్‌లో పెట్టాం. అయినా మిషన్ పాజిటివ్ అంది. పాత పద్ధతిలోనూ అంతే, అక్కడ వేడికి బదులు రసాయనాలు చంపుతాయి. అంటే మిషన్ చూసేది వైరస్ ప్రాణాన్ని కాదు. సుమారు 30 వేల అక్షరాల ఆ దారంలో వందో నూటయాభయ్యో అక్షరాల ముక్క ఉందా లేదా, అదొక్కటే చూస్తుంది. పెళ్లి పందిరి వెనక ఎంగిలి విస్తళ్లు కనబడితే భోజనాలు పెట్టారని తెలుస్తుంది. ఇంకా పెడుతున్నారో, వంటవాళ్లు గిన్నెలు కడుక్కుని వెళ్లిపోయారో విస్తళ్లు చెప్పవు.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల ఏమైందో నేను కళ్లారా చూశాను. 2020 ఆగస్టులో మేం ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారికి కరోనా వచ్చింది. నాలుగు రోజులు జ్వరం, కొంచెం దగ్గు. వయసును చూసి ఆసుపత్రిలో పెట్టారు. పన్నెండో రోజున డిశ్చార్జి చేసి, ఇంట్లో ఇంకో వారం విడిగా ఉండమన్నారు. గేటు దగ్గర మా అసోసియేషన్ వాళ్లు ఆపేశారు. నెగటివ్ రిపోర్టు చూపించమన్నారు. ఆసుపత్రి వాళ్లు ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మే 8నే నిబంధన మార్చింది. తీవ్రత తక్కువగా ఉన్నవాళ్లను లక్షణాలు మొదలై పది రోజులయ్యాక, మూడు రోజులుగా జ్వరం లేకపోతే, మళ్లీ పరీక్ష చేయకుండానే పంపేయవచ్చని. అలాంటివాళ్లలో పది రోజుల తర్వాత బతికున్న వైరస్ దొరకడం చాలా అరుదు. దారం ముక్కలు మాత్రం వారాల తరబడి వస్తూనే ఉంటాయి.

ఆ సర్క్యులర్‌ని నేను ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించాను. మీటింగులో చదివి వినిపించాను. "సర్, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ రిపోర్టులో పాజిటివ్ అని ఉంది కదా" అన్నారు. ఆ ముసలాయన బయట ప్రైవేటు ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించుకున్నారు. పాజిటివ్. వారం తర్వాత ఇంకోసారి. మళ్లీ పాజిటివ్. బంధువుల ఖాళీ ఇంట్లో పంతొమ్మిది రోజులున్నారు. ఆయన భార్యకు షుగరు, మోకాళ్ల నొప్పులు, పైన మూడో అంతస్తులో ఒక్కతే. రోజూ సాయంత్రం ఆయన ఎదురు రోడ్డులో కారు ఆపి లోపలే కూర్చునేవారు, ఆవిడ బాల్కనీలో నిలబడేది, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయన కింద నుంచి చెప్పేవారు. మూడో రిపోర్టు నెగటివ్ వచ్చాక గేటు తెరిచారు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కాదు. కాగితం మీద ఒక్క మాట ఉంది, దాని అర్థం ఎవరూ అడగలేదు, అంతే.

మరి బతికుందో లేదో తెలుసుకోవాలంటే ఎలా? అదీ మన పక్కనే జరిగింది. 2020 మే నాటికి సీసీఎంబీలో ఈ వైరస్‌ని పెంచడం సాధించారు. వీరో కణాలని ఉన్నాయి. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ కిడ్నీ నుంచి 1962లో జపాన్‌లో తీసిన కణాలు, అప్పటి నుంచి ప్రపంచమంతా పెంచుతూనే ఉన్నారు. ఒక పళ్లెంలో వాటిని పరిచి, పైన నమూనా వేసి, మూడు నాలుగు రోజులు వేచి చూస్తారు. బతికున్న వైరస్ ఉంటే కణాలు చచ్చి, పచ్చగడ్డిలో బట్టతల మచ్చల్లా ఖాళీలు పడతాయి. మచ్చలు లెక్కపెడితే ఎన్ని వైరస్‌లు బతికున్నాయో లెక్క తేలుతుంది. దీనికి బీఎస్ఎల్-3 అనే గది కావాలి. బయట కంటే లోపల గాలి ఒత్తిడి తక్కువ, అందుకే తలుపు తీస్తే గాలి లోపలికే పోతుంది. బయటికొచ్చే గాలి హెపా ఫిల్టర్ దాటి రావాలి. నా అన్నం అలాంటి గదుల మీదే. అంత ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో సాధ్యం కాదు. అందుకే రోగి దగ్గరికి పీసీఆర్ వచ్చింది, పళ్లెం రాలేదు. నాలుగు గంటల్లో వచ్చే చిన్న జవాబును నాలుగు రోజులకొచ్చే పెద్ద జవాబుగా చదువుకున్నాం.

ఇంకో గొడవ గుర్తుందా? పాల ప్యాకెట్లు సర్ఫ్ నీళ్లలో కడగడం, కూరగాయలు ఎండలో ఆరబెట్టడం, పేపరును ఇస్త్రీ పెట్టెతో రుద్దడం. అప్పట్లో టీవీల్లో పదేపదే వచ్చిన ఒక అంకె, 72 గంటలు. 2020 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు అచ్చువేసిన పరిశోధన అది. ప్లాస్టిక్ మీదా స్టీలు మీదా వైరస్ 72 గంటల వరకు కనబడింది, అట్ట మీద 24 గంటలు, రాగి మీద 4 గంటలు. టీవీ వాళ్లు చివరి అంకె ఒక్కటే చదివారు. అదే కాగితంలో సగమయ్యే సమయం కూడా ఉంది: ప్లాస్టిక్ మీద సుమారు 6.8 గంటలు. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ధైర్యంగా చెబుతాను. ఏడు గంటలకొకసారి సగమైతే, మూడు రోజుల్లో పది సార్లు సగమవుతుంది. పది సార్లు సగం చేస్తే వెయ్యిలో ఒక వంతు. అంటే మూడో రోజు దాకా వైరస్ కులాసాగా కూర్చుని ఉండి, అప్పుడు ఢమాల్మని చావలేదు. మొదటి గంట నుంచే తరుగుతూ వచ్చింది, మిగిలిన పిసరును వాళ్ల పరీక్ష 72వ గంటలో పట్టుకోగలిగింది. పైగా అది 21, 23 డిగ్రీల ఏసీ గదిలో చేసిన లెక్క. మన ఏప్రిల్ ఎండ కాదు. సబ్బు సంగతి మాత్రం టీవీలు సరిగానే చెప్పాయి, కొవ్వు పొర సబ్బుకు కరిగిపోతుంది. పోలియో వైరస్‌కి ఆ పొరే లేదు, అందుకే అది అంత మొండి, కడుపులో యాసిడ్‌ను కూడా దాటుకుని పోతుంది.

పోలియో అంటే గుర్తొచ్చింది. ఈ "తరుగుతూ పోవడం" గురించి మా వృత్తిలో కొత్తగా చేరిన పిల్లలకు నేను తప్పకుండా చెప్పే కథ. జోనాస్ సాల్క్ పోలియో వైరస్‌ని ఫార్మలిన్‌తో చంపి టీకా చేశాడు. రోజులు గడిచేకొద్దీ బతికున్న వైరస్ ఎలా తగ్గుతోందో గ్రాఫు గీశాడు. లాగరిథమ్ స్కేలు మీద తిన్నని గీత వచ్చింది. ఒక స్థాయి కిందికి పోయాక ఏ పరీక్షకూ వైరస్ చిక్కదు. అక్కడి నుంచి గీతను స్కేలు పెట్టి పొడిగించి, ఇన్ని రోజులుంచితే కోట్ల డోసుల్లో ఒక్కటి కూడా బతకదని లెక్క కట్టాడు. 1955 ఏప్రిల్‌లో అమెరికాలో టీకాలు మొదలయ్యాయి. కట్టర్ ల్యాబొరేటరీస్ తయారుచేసిన కొన్ని బ్యాచుల్లో వైరస్ బతికే ఉంది. దాదాపు 40 వేల మంది పిల్లలకు స్వల్పంగా పోలియో వచ్చింది, సుమారు 200 మందికి పక్షవాతం, 10 మంది చనిపోయారు. వైరస్‌లు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టినా, కణాల తుక్కులో ఇరుక్కున్నా లోపలివాటికి ఫార్మలిన్ అందదు. కాబట్టి గీత చివరి దాకా తిన్నగా పోదు, అడుగున తోకలా సాగుతుంది. ఆ తోక గ్రాఫులో కనబడని చోట ఉంది. ఆ తర్వాతే ఉండలు పోయేలా వడకట్టడం, పరీక్షలను కఠినం చేయడం వచ్చాయి.

మన ఊరి శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేసిన కోవాగ్జిన్ కూడా చంపిన వైరస్ టీకాయే. పుణె ఎన్‌ఐవీ ఇచ్చిన వైరస్‌ని వీరో కణాల్లో పెంచి, బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనంతో చంపారు. ఇక్కడ గమ్మత్తు చూడండి. పరీక్షకు ఉడకబెట్టినప్పుడు వైరస్ ఆకారం పోయి దారం మిగలాలి. టీకాకు సరిగ్గా తలకిందులు. లోపలి దారం పాడవ్వాలి, పైన కొమ్ములు మాత్రం చెక్కుచెదరకూడదు. మన ఒంట్లోని సైన్యం గుర్తుపట్టేది ఆ కొమ్ములనే. అందుకే ఉడకబెట్టి టీకా చేయలేం. విన్స్ బయోప్రొడక్ట్స్ వాళ్లు సీసీఎంబీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలతో కలిసి గుర్రాల్లో యాంటీబాడీలు తయారుచేయించడానికీ ఇలా చంపిన వైరస్‌నే వాడారు. చంపాక నిజంగా చచ్చిందో లేదో తేల్చేది పీసీఆర్ కాదు, మళ్లీ ఆ వీరో కణాల పళ్లెమే. ఒకసారి వేసి మచ్చలు రాలేదని ఊరుకోరు. ఆ ద్రవాన్నే కొత్త కణాల మీద మళ్లీ మళ్లీ వేసి చూస్తారు, ఒక్కటి మిగిలినా పెరిగి బయటపడాలని. కట్టర్ పిల్లలు నేర్పిన జాగ్రత్త అది.

పీసీఆర్‌ని నేను తిడుతున్నానని అనుకోకండి. సరైన ప్రశ్న అడిగితే అదే బంగారం. 2020లోనే సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి మన నగరం మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నీళ్లు తెచ్చి చూశాయి. వైరస్ సోకినవాళ్లు సుమారు 35 రోజుల పాటు మలంలో దాని ఆనవాళ్లు వదులుతారు. అది అంటించే వైరస్ కాదు, అవే ఎంగిలి విస్తళ్లు. ఆ విస్తళ్లు లెక్కపెట్టి, నెల రోజుల పైచిలుకు కాలంలో నగరంలో 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని ఆగస్టులో అంచనా చెప్పారు. ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా! శుద్ధి చేసి వదిలే నీళ్లలో ఆ ముక్కలు కూడా లేవు. ఒక కాలనీ ఎన్ని విస్తళ్లు పారేసిందో తెలుసుకోవాలంటే దీన్ని మించిన పనిముట్టు లేదు. ఒక ముసలాయన్ని ఇంట్లోకి రానివ్వాలా అన్నది మాత్రం దాన్ని అడగాల్సిన ప్రశ్న కాదు.

చివరగా నా సొంత పాత్ర గురించి. ల్యాబు చెత్తను ఉడకబెట్టే ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కరే. 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు. చాలాచోట్ల ఆపరేటరు ముల్లు 15 చూపిస్తే చాలు, టైమరు నొక్కేస్తాడు. కానీ లోపల గాలి మిగిలిపోతే? ఒత్తిడిలో కొంత భాగం గాలిది. ముల్లు 15 దగ్గరే ఉంటుంది, వేడి మాత్రం 121కి రాదు. బిగ్గరగా కట్టిన చెత్త సంచి మధ్యలో ఇంకా తక్కువ. ముల్లు అబద్ధం చెప్పడం లేదు. దాన్ని అడిగింది ఒత్తిడి, అది చెప్పిందీ ఒత్తిడే. అందుకే సంచి నట్టనడుమ థర్మోమీటరు తీగ పెడతాం, పక్కనే వేడికి అన్నిటికంటే మొండిగా నిలబడే బాక్టీరియా బీజాల కాగితం పెడతాం. ఉడికాక ఆ కాగితాన్ని పెంచి చూస్తాం. ఏమీ మొలవకపోతేనే సంతకం. మన అమ్మలకు ఇది ఎప్పుడో తెలుసు. కుక్కర్ గొట్టంలోంచి ఆవిరి బుస్సున వచ్చాకే విజిల్ పెట్టమనేవాళ్లు, ముందే పెడితే పప్పు ఉడకదని. గాలిని తరిమేయడమే అది.

హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడాను. వచ్చే నెల ఒక శనివారం తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదే చేసి చూపిస్తాను. మూతకు థర్మోమీటరు బిగించిన అయిదు లీటర్ల కుక్కర్ నేను తెస్తాను. మొదట గాలితో సహా మూసి, తర్వాత గాలి పోనిచ్చి, రెండుసార్లూ ఒత్తిడి ఎంతో, వేడి ఎంతో పిల్లలే రాసుకుంటారు. కందిపప్పు బడి తరఫున. గ్యాస్ సిలిండరు సంగతి మా బ్యాచ్ వాళ్లు చూసుకుంటామన్నారు, ఇంతమంది ముందు చెప్పాను కాబట్టి ఇక తప్పించుకోలేరు. పెద్దవాళ్లెవరైనా చూడాలనుకుంటే పది గంటలకు ల్యాబుకు రండి.